తూకం

చిక్‌పేట మెట్రో మెట్లెక్కి ఎడమకి తిరిగితే
గొడుగులు బాగుచేసే జబ్బార్ కొట్టు, దాని వెనక సందు,
సందు చివర ఒక మనిషి పట్టేంత తలుపు.
బోర్డు మీద కన్నడంలో రాసుంది:
పాత జరీ చీరలు కొనబడును.
కాల్చబడును అని రాయలేదు.
వచ్చేవాళ్లకు తెలుసు.

మాది నేత ఇల్లు.
మా తాత శరభయ్య కబ్బన్‌పేటలో
గుంటలో కాళ్లు పెట్టుకుని నలభయ్యేళ్లు నేశాడు.
నేను కాలుస్తాను.
ఇద్దరికీ అన్నం పెట్టింది ఒకే జరీ.

నిన్న పంకజాక్షి గారొచ్చారు,
టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చేసి రిటైరయ్యారట.
సంచిలోంచి చీర తీసి కాటా మీద పెట్టలేదు,
ఒళ్లో పెట్టుకున్నారు.
వంకాయ రంగు. మామిడి పిందెల అంచు.
మడతల వెంట చీలింది. పాత పట్టు అంతే,
కట్టకుండా దాస్తే మడతే కోసేస్తుంది.

"అంచు ఒకసారి మార్పించాను" అన్నారు.
"కొంగు ఎలక కొట్టేస్తే కొత్తది అతికించాను,
రఫ్పులకైతే లెక్కే లేదు.
ఇన్ని మారినా ఇది ఆ చీరే."
ఏ చీర అని నేనడగలేదు.

తూచాను. ఆరువందల పన్నెండు గ్రాములు.
ఎర్రంకెల వైపే చూస్తూ ఆవిడ అడిగారు:
"ఇది చీర బరువా, పట్టూ వెండీ బరువా?"
రెండూ ఒకటేనమ్మా, అన్నాను.
"రెండైతే వెండి నీకిచ్చి
చీర నేను పట్టుకుపోయేదాన్ని.
ఒకటే అయితే మరి,
వెండి మిగిలినంత కాలం చీరా మిగలాలిగా?"

గ్రాముకి రూపాయి కోసం గంట కొట్లాడేవాళ్లున్నారు.
ఈ బేరానికి మాత్రం
నా దగ్గర చిల్లర లేదు.

బాణలి కింద మంట పెట్టాను.
పట్టు కాలితే వెంట్రుకల వాసన,
పురుగు ఒంట్లోంచి వచ్చింది కదా, ఒంటి వాసనే.
ముందు రంగు పోయింది.
తర్వాత గుడ్డ పోయింది.
ఆ తర్వాత ఒక నిమిషం ఉంటుంది,
పదహారేళ్లుగా చూస్తున్నా ఎవరికీ చెప్పలేదు:
పట్టంతా బూడిదై, జరీ ఇంకా కుంగక,
అంచు ఒక్కటే నిలబడి ఉంటుంది.
పిందెలు, వాటి తొడిమలు, చుట్టూ చుక్కల వరస,
కింద మోసే గుడ్డ లేకపోయినా
ఎక్కడివక్కడ.
పట్టకారు తగిలితే చాలు, ఉత్త తీగ.

ఆవిడ లేచొచ్చి వంగి చూశారు.
కళ్లద్దాల మీద మసి.
పట్టకారు నా చేతిలోనే ఉంది.
గ్యాసు ఊరికే పోతోంది.

చిన్నప్పుడు తాతని అడిగాను,
ఏ పోగు దగ్గర దారం చీరవుతుందని.
మొదటి గజానికా, సగానికా, కొంగు ముగిశాకా?
తాత నోట్లో వక్క పక్కకి నెట్టి,
"అచ్చు మీంచి కోసేటప్పుడు
చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది చూడు,
అప్పటికి అయిపోయుంటుంది" అన్నాడు.
అప్పుడు అర్థం కాలేదు.
ఇప్పుడూ సగమే.

వెలిగారం చల్లి మూసలో కరిగించాను.
ఉసిరికాయంత వెండి.
తొంభై నాలుగు గ్రాములు.
దీనికి కుడి ఎడమ లేవు, లోపల బయట లేవు.
ఇంతకుముందు ఎవరి కాలి పట్టీయో,
ఏ రాజు తల ఉన్న రూపాయో, చెప్పదు.
రేపు ఏమవుతుందో
దానికేం తొందర లేదు.
వేడిగా ఉంది, అంతే.

ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.
డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి
పర్సులో పెట్టుకున్నారు.
ఖాళీ సంచిని ఒళ్లో పరిచి,
అంచు అంచుకి కలిపి,
నిలువునా ఒక మడత,
అడ్డంగా మూడు,
అరచేత్తో నిమిరి
చంకలో పెట్టుకుని వెళ్లారు.